సిటీలో వదిలించుకోవలసినది

మొగుడు ఫోన్‌లో మాట్లాడుతుంటే చాటుగా నిలబడి వినకూడదు. వింటే మొత్తం వినాలి. సగం విని, మిగతా సగం సొంత బుర్రలోంచి తీసి అతికించుకుంటే మన టీచరమ్మకి పట్టిన గతే పడుతుంది.

టీచరమ్మ అంటే బళ్ళో పిల్లలకి వ్యాకరణం చెప్పే అమ్మాయి. కొత్తగా పెళ్ళైంది. మొగుడు ఫైర్ స్టేషన్‌లో పనిచేస్తాడు. ఆరడుగుల మనిషి, మండుతున్న ఇంట్లోకి చొక్కా దులుపుకుని వెళ్ళినంత తేలిగ్గా వెళ్ళొస్తాడని ఊళ్ళో పేరు. ఇక ఆవిడకేమో బల్లి భయం, ఉరుము భయం, కుక్కర్ విజిల్ వేసినా భయమే. 'ఆ భయాలన్నీ చూపించి అబ్బాయిని విసిగించకు' అని అప్పగించేటప్పుడు వాళ్ళమ్మ చెవిలో చెప్పి మరీ పంపింది.

ఆ సాయంత్రం బడి నుంచి వచ్చి గుమ్మంలో చెప్పులు విప్పుతుంటే వెనక బాల్కనీలోంచి అతని గొంతు వినిపించింది. తన తల్లితో ఫోన్లో మాట్లాడుతున్నాడు.

"అదా? ఇంకేం సర్దుకుంటుందమ్మా! పెళ్ళి రోజు మొదలెట్టింది, ఇప్పటిదాకా నాకు కంటిమీద కునుకు లేదు."

టీచరమ్మ ఒక చెప్పు విప్పి రెండోది విప్పడం మర్చిపోయింది.

"ఆఁ, పైకి తెల్లగా చక్కగానే కనబడుతుంది. లోపలి సంగతి నాకు కదా తెలుసు... ఎన్నాళ్ళు ఓర్చుకోమంటావ్? ఇంక నా వల్ల కాదు... ఇక్కడొద్దు, ఈ ఊళ్ళో అయితే నలుగురూ నవ్విపోతారు. సెలవులకి సిటీకి తీసుకెళ్ళి అక్కడే వదిలించుకుని వచ్చేస్తా దాన్ని... లేదు, ఎవరికీ చెప్పలేదు. నువ్వూ నోరు జారకు."

టీచరమ్మ ఒంటి చెప్పుతోనే మళ్ళీ వీధిలోకి వెళ్ళి, గోడకి ఆనుకుని, గాలి పీల్చుకుని, అప్పుడే వచ్చినట్టు గేటు గట్టిగా చప్పుడు చేస్తూ లోపలికి వచ్చింది.

"వచ్చావా?" అన్నాడతను, చెంపకి చెయ్యి ఆనించుకుని, ఆమె వైపు సరిగ్గా చూడకుండానే. "సెలవులకి సిటీకి వెళ్దాం. మూడు రోజులు. రైలు టికెట్లు దొరికాయి."

వేరే ఏ కొత్త పెళ్ళికూతురైనా ఎగిరి గంతేసేది. ఈవిడ "అలాగేనండీ" అంది. ఆ గొంతు నూతిలోంచి వచ్చినట్టు ఉంది.

ఆ రాత్రి ఆమె ఒక్కొక్కటీ గుర్తుచేసుకుంది. నిజమే, పెళ్ళి రోజు నుంచీ అతను సరిగ్గా నవ్వలేదు. విందులో కూడా ఏదో కెలికి లేచిపోయాడు. ఆవిడ వంట చేస్తే రెండు ముద్దలు ఒక పక్కగా నమిలి, మొహం ముడుచుకుని, "చాల్లే" అంటాడు. మాట్లాడితే ఊఁ, కాదంటే ఊహూఁ. పడుకుంటే గోడవైపు తిరుగుతాడు. స్టేషన్‌లో సైరన్ మోగినప్పుడల్లా ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుని గుమ్మంలో నిలబడుతుంది, అది చూసి విసుగెత్తిపోయిందేమో. పెద్దవాళ్ళు చెయ్యమంటే చేసుకున్నాడేమో, పాపం.

అసలు బాధ ఏమిటంటే, ఈ పిచ్చిదానికి అతనంటే ప్రాణమైపోయింది. డ్యూటీ నుంచి పొగ వాసనతో వచ్చి బూట్లు విప్పుకుంటుంటే చూడ్డమంటే ఇష్టం. ముఖం కడుక్కుని తువ్వాలు వెతుక్కుంటూ కళ్ళు మూసుకుని తడుముకుంటుంటే ఇష్టం. వదిలించుకుంటానన్న మనిషి మీద ఇంత ఇష్టం పెట్టుకుని ఏం చేస్తుంది?

మొహం మీద అడిగేయొచ్చు కదా అంటారు మీరు. అడిగితే, అతను అవునంటే?

*

రైలెక్కిన దగ్గర్నుంచీ ఆమె అతని చొక్కా చెయ్యి వదలలేదు. బయట మంచు కమ్మేసి పొలాలూ స్తంభాలూ ఏవీ కనబడటం లేదు. అతను మంకీ క్యాప్ చెవుల మీదికి లాక్కుని, కిటికీకి తల ఆనించి, కళ్ళు మూసుకున్నాడు. ఎదురు సీట్లో ఒక పెద్దావిడ స్వెటర్ అల్లుతూ ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తోంది.

"కొత్త జంటా?"

"అవునండీ పిన్నిగారూ."

"చెయ్యి అలా పట్టుకున్నావేమ్మా? పారిపోతాడనా?"

ఆవిడ సరదాకే అంది. టీచరమ్మ మాత్రం ఆ చొక్కా చెయ్యి ఇంకాస్త గట్టిగా పట్టుకుంది.

"పట్టుకోవడం మంచిదేలే," అంది పిన్నిగారు సూది కదుపుతూ. "మా ఎరుకలో ఒకాయన ఇలాగే పెళ్ళాన్ని రైల్లో కూర్చోబెట్టి, 'టీ తెస్తా' అని దిగాడు."

"దిగి?"

"దిగి ఏముంది? ఇప్పటికీ తెస్తూనే ఉన్నాడు."

సరిగ్గా అప్పుడే రైలు ఏదో స్టేషన్లో ఆగింది. అతను కళ్ళు తెరిచి, లేచి, "టీ తెస్తా" అన్నాడు.

"వద్దు!" టీచరమ్మ అరుపుకి పెట్టె మొత్తం తిరిగి చూసింది. "నాకు టీ అంటే పడదు."

"పొద్దున్న రెండు సార్లు తాగావుగా?"

"అందుకే పడలేదు."

అతను వింతగా చూసి దిగిపోయాడు. ఆమె కిటికీ ఊచలు పట్టుకుని మంచులోకి చూస్తూ కూర్చుంది. మంకీ క్యాప్ రెండడుగులు వేసి మాయమైంది. ఇంజను కూత వేసింది. చక్రాలు కదిలాయి. పై ప్రాణాలు పైనే పోయాయి ఆమెకి. లేచి తలుపు దగ్గరికి పరుగెత్తబోతుంటే ఎదురొచ్చాడు, రెండు కప్పులు పట్టుకుని.

"ఎక్కడికి?"

"ఎక్కడికీ లేదండీ." కళ్ళు తుడుచుకుంది. "మంచు కళ్ళలో పడింది."

ఒక కప్పు ఆమెకిచ్చి, రెండోది తను నోటి దగ్గర పెట్టుకుని, ఒక్క గుక్క తాగి, ఉలిక్కిపడి కప్పు పక్కన పెట్టేశాడు. మళ్ళీ కిటికీకి ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు. నా పక్కన కూర్చుని టీ తాగడానిక్కూడా ఇష్టం లేదన్నమాట, అనుకుంది.

కాసేపటికి ధైర్యం కూడగట్టుకుని అడిగింది. "ఏవండీ, తిరుగు టికెట్లు తీశారా?"

"ఊఁ."

"రెండు టికెట్లా?"

"ఒక్కటే."

అంతే. ఇంకేం అడగలేదామె. ఆ తర్వాత సిటీ వచ్చేదాకా దారిలో పోయే స్టేషన్ బోర్డులు చదువుకుంటూ, పేర్లు గుర్తుపెట్టుకుంటూ కూర్చుంది. ఒంటరిగా తిరిగి రావాల్సి వస్తే ఏ ఊరి తర్వాత ఏ ఊరో తెలియాలి కదా.

*

సిటీ ఆమె భయపడిన దానికంటే పెద్దగా ఉంది. మనుషులు ఒకరినొకరు తోసుకుంటూ, సారీ కూడా చెప్పకుండా పోతున్నారు. హోటల్ కౌంటర్లో అమ్మాయి "ఎన్ని రోజులుంటారు సార్?" అని అడిగితే, అతను నోరు పూర్తిగా తెరవకుండా "పని ఎంత తొందరగా అయితే అంత తొందరగా వెళ్ళిపోతాం" అన్నాడు. టీచరమ్మ 'పని' అన్న మాట పట్టుకుని గదిలోకి మోసుకెళ్ళింది. రాత్రంతా దాన్ని పక్కన పెట్టుకునే పడుకుంది.

పొద్దున్నే అతను తయారైపోయాడు. మొహం పాలిపోయి ఉంది. గుండీలు పెట్టుకోలేకపోతున్నాడు. తప్పు చెయ్యబోయేవాడికి అలాగే ఉంటుంది మరి, అనుకుంది ఆవిడ.

"నాకు చిన్న పనుంది. గంటలో అయిపోతుంది. నువ్వు ఆ ఎదురు మాల్‌లో తిరుగుతూ ఉండు."

"నేనూ వస్తానండీ."

"వద్దు." చటుక్కున అన్నాడు. మళ్ళీ కాస్త మెత్తబడి, "నువ్వు చూడలేవు" అన్నాడు.

"ఏం చూడలేను?"

"ఏం లేదులే. పద."

మాల్ గుమ్మంలోనే మెట్లు వాటంతట అవే పైకి పోతున్నాయి. టీచరమ్మ వాటి మీద కాలు పెట్టనంటే పెట్టనంది. చివరికి అతను ఆమెని కింద ఒక బెంచీ మీద కూర్చోబెట్టాడు. "ఇక్కడే ఉండు. కదలకు. ఎవరు పిలిచినా వెళ్ళకు." ఒక్క క్షణం ఆగి ఆమె వైపు చూశాడు. యుద్ధానికి పోయేవాడు చూసినట్టు చూశాడు. మంకీ క్యాప్ చెవుల మీదికి లాక్కుని మంచులోకి వెళ్ళిపోయాడు.

ఆమె కూర్చుంది. చెప్పిన మాట వినడం అలవాటు. చుట్టూ జనం సంచులతో, నవ్వులతో, ఎవరి గొడవలో వాళ్ళున్నారు. అంతలోనే ఈ బెంచీ మీద ఇలాగే చీకటి పడుతుందనీ, దుకాణాలు మూస్తారనీ, ఎవరో వచ్చి 'ఎవరమ్మా నువ్వు, ఎవరూ లేరా' అని అడుగుతారనీ కళ్ళముందు కనబడింది. నాన్న మొహం కనబడింది. బళ్ళో పిల్లలు కనబడ్డారు.

అప్పుడు ఏమైందో ఏమో, దిగ్గున లేచింది. 'వదిలేస్తే వదిలెయ్యనీ. కానీ బెంచీ మీద పెట్టి పోతాడా? నేనేమైనా గొడుగునా మర్చిపోవడానికి?' అనుకుంది. కోపం వచ్చింది. భయం తగ్గిందనుకునేరు, లేదు, భయం ఎక్కడిదక్కడే ఉంది. కాళ్ళు మాత్రం దాని మాట వినడం మానేశాయి.

రోడ్డు మీద మంచు. ముందు కాస్త దూరంలో మంకీ క్యాప్ కనబడుతోంది. ఆమె ఏనాడూ ఒంటరిగా రోడ్డు దాటిన మనిషి కాదు. కళ్ళు మూసుకుని ఒకసారి, తెరిచి ఒకసారి, నాలుగు హారన్లతో తిట్టించుకుని దాటింది. పరుగెత్తుకెళ్ళి మంకీ క్యాప్ చెయ్యి పట్టుకుంది.

"ఏవండీ!"

క్యాప్ తిరిగింది. లోపల తెల్లటి మీసాల తాతగారు. "ఏమ్మా?"

"సారీ తాతగారూ, మావారనుకున్నా."

"నన్ను చూసి ఎవరైనా కుర్రాడనుకుని చాలా కాలమైంది, ఒకసారి వచ్చి మా ఆవిడకి చెప్పమ్మా," అన్నాడు తాతగారు. ఆమె అప్పటికే ఇంకో మంకీ క్యాప్ వెనక పరుగెడుతోంది. ఈసారి భుజాలు చూసి గుర్తుపట్టింది. అతనే.

అతను ఒక పాత మూడంతస్తుల బిల్డింగ్ ముందు ఆగాడు. బోర్డులు బోలెడున్నాయి, మంచులో ఒక్కటీ కనబడటం లేదు. మెట్లెక్కాడు. దిగాడు. మళ్ళీ సగం ఎక్కాడు. మళ్ళీ దిగి వచ్చి గోడకి ఆనుకుని, చేతులు రెండూ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆగి ఉన్న వ్యాన్ వెనక నక్కి ఆమె చూస్తోంది. ఇంత పెద్ద మనిషి అంత బెంగపడుతుంటే, అంత కోపంలోనూ, దగ్గరికి వెళ్ళి వీపు నిమరాలనిపించింది ఆ వెర్రిదానికి.

పైన తలుపు తెరుచుకుంది. ఆడగొంతు. నవ్వుతున్న గొంతు.

"వచ్చేశారా? ఫోన్లో అన్ని కబుర్లు చెప్పి గుమ్మందాకా వచ్చాక భయమేంటండీ? రండి, మీకోసమే కాచుకుని ఉన్నా."

అతను తల వంచుకుని ఎక్కేశాడు. తలుపు మూసుకుంది.

ఓహో, ఇదా సంగతి. వదిలించుకోవడం ఎందుకో ఇప్పుడు అర్థమైంది. వెనక్కి తిరిగి వెళ్ళిపోదామనుకుంది. వెళ్ళాలంటే మళ్ళీ ఆ రోడ్డు దాటాలి. ముందుకు వెళ్ళాలంటే మెట్లు. మెట్లే నయమనిపించింది. పిట్టగోడ పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కి తలుపు దగ్గర చెవి పెట్టింది.

"కళ్ళు మూసుకోండి," అంటోంది లోపలి గొంతు. "చెయ్యి తియ్యండి... తియ్యండి మరి! అయ్యో, ఇంత వణుకుతున్నారేంటి? నేనున్నాగా."

అతను మూలిగాడు.

ఇక ఆగలేదు టీచరమ్మ. తలుపు ఒక్క తోపు తోసి లోపలికి దూసుకెళ్ళింది. వెళ్ళింది గానీ చూడ్డానికి ధైర్యం చాలలేదు. కళ్ళు గట్టిగా మూసేసుకుని, పిడికిళ్ళు బిగించి, గది మధ్యలో నిలబడి మొదలెట్టింది.

"నేనంతా విన్నానండీ! మీ అమ్మగారితో మీరన్నదంతా విన్నాను. పెళ్ళి రోజు నుంచీ కంటిమీద కునుకు లేదా? పైకి తెల్లగా ఉన్నా లోపల బాలేనా? నన్ను సిటీలో వదిలించుకుంటారా? వద్దంటే మొహం మీద చెప్పండి, మా నాన్నకి నేనే చెప్పుకుంటాను. అంతేగానీ రైలెక్కించి, ఒక్క టికెట్టే తీసుకుని, బెంచీ మీద పెట్టిపోవడం ఏమిటండీ? నాకు అన్నిటికీ భయమే, ఒప్పుకుంటాను. సైరన్ మోగితే ఏడుస్తాను, నిజమే. మీరు తిరిగొస్తారో రారో అని ఏడుస్తాను! అది కూడా తప్పేనా?"



"అమ్మా," అంది ఆడగొంతు నెమ్మదిగా, "కళ్ళు తెరవండి."

ఒక కన్ను తెరిచింది. తెల్లకోటు వేసుకున్న, నెరిసిన జుట్టు డాక్టరమ్మ. పైనుంచి వేలాడుతూ పెద్ద లైటు. దాని కింద వాల్చిన కుర్చీ. కుర్చీలో ఆమె మొగుడు, మెడలో ఆకుపచ్చ గుడ్డ, నోట్లో దూది, గుడ్లు తేలేసి ఆమెనే చూస్తున్నాడు.

"ఈయన వదిలించుకోడానికి వచ్చింది ఇదిగో," అంది డాక్టరమ్మ చిన్న అద్దం అతని నోట్లో పెడుతూ, "ఈ దవడ పన్ను. పైకి తెల్లగా చక్కగానే ఉంది. లోపలంతా పుచ్చిపోయింది. మీరెవరు?"

"నేను..." టీచరమ్మ రెండో కన్ను కూడా తెరిచింది. "పన్నా?"

"ఆఁ... ఊ... అఆ..." అన్నాడతను.

"'నేను నిన్నెప్పుడు వదిలేస్తానన్నాను' అంటున్నారు," అంది డాక్టరమ్మ.

"మీకెలా తెలుసండీ?"

"నోరు తెరిచి మాట్లాడేవాళ్ళతోనేగా నా కాపురం."

టీచరమ్మ అక్కడున్న స్టూలు మీద కూలబడింది. అది సర్దుకోదు. అది తెల్లగా ఉంటుంది. దాన్ని వదిలించుకుంటా. వారం వారం బళ్ళో బోర్డు మీద రాసి మరీ చెప్పే పాఠం: అమ్మ వచ్చింది, బస్సు వచ్చింది, పిల్లి వచ్చింది, మన భాషలో ఆడమనిషికీ వస్తువుకీ 'అది' ఒక్కటే, క్రియా ఒక్కటే. 'అయితే టీచర్, అమ్మా బస్సూ ఒకటేనా' అని అడిగిన పిల్లని నవ్వి కూర్చోబెట్టింది కూడా. ఆ పిల్లే నయం, అడిగింది.

"మరి టికెట్ ఒక్కటే అన్నారుగా!" అంది, ఆఖరి ఆశ పట్టుకుని తగువుకి దిగుతూ.

అతను జేబులోంచి ఫోన్ తీసి చూపించాడు. టికెట్ ఒక్కటే. దాని మీద పేర్లు రెండు.

సిగ్గుతో ఆమె చెవులు ఎర్రబడ్డాయి. అంతలో డాక్టరమ్మ పళ్ళెంలోంచి సూది తీసింది. అది చూసి మన ఆరడుగుల ఫైర్‌మ్యాన్, మెడలో గుడ్డతో సహా, కుర్చీలోంచి లేచి తలుపు వైపు రెండంగలు వేశాడు.

"చూశారా? మా దగ్గర పని నేర్చుకున్న చిన్న డాక్టరు మీ ఊళ్ళో క్లినిక్ పెట్టాడు, అక్కడ కూడా ఇలాగే పరిగెత్తారట. ఊళ్ళో తెలిస్తే పరువు పోతుందని ఇంత దూరం వచ్చారు. వచ్చి మళ్ళీ అదే పని!"

"కూర్చోండి," అంది టీచరమ్మ.

ఆ గొంతు బళ్ళో వెనక బెంచీ వాళ్ళకి వాడేది. అతను వచ్చి కూర్చున్నాడు.

ఆమె స్టూలు దగ్గరికి లాక్కుని అతని చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి చల్లగా, చెమటపట్టి, వణుకుతోంది. ఆమె చెయ్యీ అంతే. "నాకూ సూదంటే భయమే," అంది. "నేను కళ్ళు మూసుకుంటాను, మీరూ మూసుకోండి. డాక్టరుగారొక్కరే తెరిచి ఉంచుకుంటారు."

"మహాప్రసాదం," అంది డాక్టరమ్మ.

*

పన్ను పోయింది. వేళ్ళు విరిగిపోతాయేమో అన్నంత గట్టిగా పట్టుకున్నాడు గానీ పారిపోలేదు. దూది కొరికి పట్టుకోమని, గంటసేపు మాట్లాడొద్దని, ఆ తర్వాత ఐస్‌క్రీమ్ తినమని చెప్పి పంపించింది డాక్టరమ్మ.

గంటసేపు ఇద్దరూ ఆ వీధుల్లో తిరిగారు. అతను మాట్లాడలేడు, ఆమెకి మాట్లాడ్డానికి మొహం చెల్లడం లేదు. రోడ్డు దాటేటప్పుడల్లా అతను ఆమె చెయ్యి పట్టుకున్నాడు, దాటాక వదల్లేదు. అయినా ఆమె లోపల ఒకటి మెలిపెడుతూనే ఉంది. పన్ను సంగతి తేలింది సరే. మిగతాది? ఎవరో చెయ్యమంటే చేసుకున్న పెళ్ళేనేమో అన్నది?

మూలమీద ఐస్‌క్రీమ్ దుకాణం. గిరాకీ లేక దుకాణందారు దుప్పటి కప్పుకుని కూర్చున్నాడు.

"ఈ చలికి ఐస్‌క్రీమా?" అన్నాడు నమ్మలేనట్టు.

"డాక్టరుగారు రాశారండీ," అంది టీచరమ్మ. "ఒక్కటి చాలు. నాకు గొంతు పట్టేస్తుందని భయం."

అతను దూది తీసేసి తినడం మొదలెట్టాడు. పెదవి ఇంకా మొద్దుబారి ఉందేమో, సగం గడ్డం మీదికి కారిపోతోంది. ఆమె చేతిరుమాలుతో తుడిచింది.

"ఎందుకు చెప్పలేదండీ నాకు?"

"నీకు అన్నిటికీ భయం కదా." మాటలు ముద్దముద్దగా వస్తున్నాయి. "నేనూ భయపడితే ఇంక ఇద్దరం ఎవర్ని పట్టుకోవాలి?"

ఆమెకి నవ్వొచ్చింది, నవ్వలేదు. చేతిరుమాలు మడతపెడుతూ అడిగేసింది. "ఒక్కటి అడుగుతాను. నిజం చెప్పండి. నన్నెందుకు చేసుకున్నారు? మీ అమ్మగారు చెప్పారనేనా?"

అతను చెంచా కింద పెట్టాడు.

"అమ్మకి చెప్పింది నేను."

"ఏమని?"

"పోయినేడాది మీ బళ్ళో ఫైర్ డ్రిల్ చేశాం, గుర్తుందా?"

ఆమె మొహం చేతుల్లో దాచుకుంది. "అయ్యో, అది మాత్రం గుర్తుచేయకండి! ఆ రోజు పొద్దున్న నేను ఆలస్యంగా వచ్చాను. డ్రిల్ అని అందరికీ చెప్పారట, నాకెవరూ చెప్పలేదు. గంట మోగింది, వరండా నిండా పొగ. నిజంగా తగలబడుతోందనుకున్నాను."

"పిల్లల్ని బయటికి తెచ్చి లెక్కపెట్టావ్. ఒక పిల్ల తక్కువైంది."

"బెంచీ కింద దాక్కుంది ఆ పిల్ల... మీకెలా తెలుసు?"

"నువ్వు మళ్ళీ లోపలికి పరిగెత్తావ్. గుమ్మం దగ్గర హెల్మెట్, మాస్కు పెట్టుకుని ఒకడు అడ్డం నిలబడ్డాడు. వెళ్ళకూడదని నీ చెయ్యి పట్టుకున్నాడు."

టీచరమ్మ నెమ్మదిగా చేతులు దించింది. రంగు మారిపోయింది ఆమె మొహం.

"ఆయన చెయ్యి నేను..."

"కొరికావ్," అన్నాడతను. "గట్టిగా. గ్లవ్ తీసేసి ఉన్నాను అప్పుడే."

"మీరా!"

"ఏడుస్తున్నావ్. ఒళ్ళంతా వణికిపోతోంది. నన్ను కొరికి లోపలికి పోయావ్. మేమంతా కోటూ బూటూ వేసుకుని, గొట్టాలు పట్టుకుని, పదిమందిమి కలిసి వెళ్తాం. నువ్వు చాక్‌పీసు పట్టుకుని వెళ్ళావ్." అతను కాసేపు ఆగాడు. మొద్దుబారిన పెదవి వల్ల కాదు. "ఆ పిల్లని ఎత్తుకుని వచ్చావ్, ముక్కు కారిపోతూ. ఆ సాయంత్రమే అమ్మకి ఫోన్ చేశా. పెళ్ళంటూ చేసుకుంటే ఆ టీచర్నే, లేకపోతే లేదు అన్నా. ఎలా ఉంటుందిరా అంది అమ్మ. పళ్ళు గట్టివి అన్నా."

అతను కుడిచెయ్యి బల్లమీద పెట్టాడు. బొటనవేలి కింద చిన్న వంకర గీత, చూడమంటే తప్ప కనబడదు.

"ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"చెప్తే నువ్వు సారీ చెప్పేస్తావ్. నాకది ఇష్టం లేదు."

ఆమె ఆ గీత మీద వేలు పెట్టింది. పెట్టి అలాగే ఉండిపోయింది. కళ్ళలోంచి నీళ్ళు జలజలా రాలి బల్ల మీద పడుతున్నాయి, తుడుచుకోవాలని కూడా తోచలేదు.

దుకాణందారు దుప్పటి పక్కకి తోసి లేచాడు. "ఏమైందమ్మా? అప్పుడే అన్నానా, ఈ చలికి ఐస్‌క్రీమా అని!"

"ఏం కాలేదండీ." టీచరమ్మ ఏడుస్తూనే నవ్వింది. "ఇంకోటి ఇవ్వండి. నాకు."